నాలుగు మూలలా పసుపు

మంట ఆర్పిన పిల్లే మంట పెట్టిందని తేల్చడానికి రఘువీర్‌కి ఆరు నిమిషాల వీడియో సరిపోయింది.

"ఐదూ రెండుకి లోపలికి పోయింది. ఐదూ ఎనిమిదికి అలారం కొట్టింది. నడుమ ఇంకో మనిషి పోలేదు, రాలేదు. ఇగ దీనికి డిటెక్టివ్ ఎందుకు మేడమ్?" అంటూ లాప్‌టాప్ మూశాడు.

రాగిణి చేతిసంచీలోంచి రబ్బరు గ్లవ్స్ తీసి తొడుక్కుంది. ఇన్సూరెన్స్ కంపెనీలో పదిహేడేళ్ళపాటు కాలిన ఇళ్ళూ కాలిన కార్లూ చూసీ చూసీ, ఆ తర్వాత సొంతంగా లైసెన్సు తీసుకుని డిటెక్టివ్‌గా పనిచేస్తున్న మనిషి ఆవిడ. కాలిన గదిలోకి వెళ్ళేముందు మాట్లాడ్డం ఆవిడకి అలవాటు లేదు. మాట్లాడితే మసి నోట్లోకి పోతుంది.

మంగళవారం మధ్యాహ్నం రెండున్నర. ఎడిసన్‌లో తెలుగు మండలి హాలు. ఆదివారం సాయంత్రం కాలింది ఈ హాల్లోని ఆఫీసు గదే. రఘువీర్ ఒకప్పుడు వరంగల్లో సర్కిల్ ఇన్‌స్పెక్టర్, ఇప్పుడు సెక్యూరిటీ కన్సల్టెంట్. మండలి అధ్యక్షుడు కృష్ణమోహన్ అతన్ని పిలిపించాడు. రాగిణిని పిలిపించింది శేషమ్మగారు. ఎనభై అయిదేళ్ళ మనిషి, అల్యూమినియం వాకర్ పక్కన పెట్టుకుని, ఒళ్ళో చిన్న రేకు పెట్టెతో హాల్లో కూర్చుని ఉంది. ఆవిడ పక్క కుర్చీలో, కుడిచేతికి కట్టుతో అనుష్క.

"నాలుగింటికి టౌన్ ఫైర్ మార్షల్ ఈడికే వస్తుండు," అన్నాడు రఘువీర్. "వీడియో, మండలి కంప్లైంట్, రెండూ ఆయన చేతుల పెడత. తర్వాత నా పని కాదు."

తర్వాత ఎవరి పనో అందరికీ తెలుసు. అనుష్క ఎఫ్-వన్ వీసా మీద మ్యూజియం స్టడీస్‌లో ఎమ్మెస్ చేసింది. వచ్చే నెల ఫిలడెల్ఫియాలో ఒక మ్యూజియంలో చేరాలి. హాలు తగలబెట్టిందని కేసు పడితే ఆ ఉద్యోగమూ ఉండదు, వీసా ఉంటుందన్న నమ్మకమూ లేదు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల రెండు రోజులుగా పడుకోలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"వెనకాల వంటగది తలుపుకి కెమెరా ఉందా?" అంది రాగిణి.

"లేదు."

"అయితే ఇంకో మనిషి రాలేదని అనకండి. ముందునుంచి రాలేదనండి."

"ఆ తలుపు తాళాలు కమిటీవాళ్ళ దగ్గరనే ఉంటయ్. వాళ్ళ హాలు వాళ్ళే కాలబెట్టుకుంటరా?"

"అదే కనుక్కుందామని వచ్చాను."

ఆఫీసు గదిలో నెలరోజులుగా అనుష్క కట్టుకున్న ప్రదర్శన ఉండేది. 'రెండు యుద్ధాల నడుమ' అని పేరు. తొమ్మిది ప్యానెళ్ళు. శేషమ్మగారి తండ్రి పాపయ్య అచ్చు పని నేర్చుకోవడానికి జర్మనీలోని లైప్‌జిగ్ వెళ్ళి, 1932 నుంచి 34 దాకా ఒక ప్రెస్సులో టైపు కూర్చుతూ, ఊళ్ళో స్నేహితుడికి రాసిన ఉత్తరాలు దానికి ఆధారం. ఇటలీలో ఒకడు నల్లచొక్కాలవాళ్ళని వెంటేసుకుని రాజధానిని ఎలా లొంగదీశాడు, జర్మనీలో ఇంకొకడు ఓట్లతోనే వచ్చి ఓట్లనే ఎలా మింగాడు, పక్కింటివాళ్ళు ఎందుకు నోరు మూసుకున్నారు, ఇవన్నీ ఒక తెలుగు కంపాజిటర్ కళ్ళతో. మండలి సభ్యులు వచ్చి, ఫొటోలు దిగి, సమోసా తిని వెళ్ళిపోయారు. ప్యానెళ్ళు చివరిదాకా చదివినవాళ్ళు తక్కువ.

నాలుగు ప్యానెళ్ళు బాగానే ఉన్నాయి, నాలుగు మసిబారాయి. ఐదోది బొగ్గయింది. దాని వెనక గోడమీద, నేలకి జానెడెత్తు నుంచి, నల్లటి మసి విసనకర్రలా పైకి విచ్చుకుంది.

రాగిణి మోకాళ్ళ మీద కూర్చుంది. "ప్యానెళ్ళు అంటించే గ్లూ గన్ ఎక్కడ పెట్టావు అనుష్కా?"

"అటు గోడకి ఆంటీ. ఇటువైపు ప్లగ్గే లేదు."

నిజమే, లేదు. మంట పుట్టినచోట నేలమీద కార్పెట్ గుండ్రంగా, మూడంగుళాల మేర, కొలిచి కోసినట్టు కాలింది. పెళ్ళి విందుల్లో కూరగిన్నెల కింద వెలిగించే జెల్ డబ్బా సరిగ్గా అంత ఉంటుంది. వంటగది అలమారలో అవి రెండు డజన్లున్నాయి. ఒకటి ప్యానెల్ వెనక వెలిగించి వంటగది తలుపులోంచి వెళ్ళిపోతే, ప్యానెల్ అంటుకోడానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

"ఆర్పింది దేంతో?"

"గుమ్మం పక్కన రెడ్ కలర్‌ది ఉంటది కదా, అది నొక్కితే రాలేదు. కిచెన్‌లకి ఉరికి ఆ సిల్వర్‌ది తెచ్చిన. ముందు పెట్టెను బయట పడేసిన, అవి ఒరిజినల్ లెటర్స్ కదా. తర్వాత గది మొత్తం స్ప్రే చేసేసిన ఆంటీ, కళ్ళు మూసుకొని." కట్టున్న చెయ్యి చూసుకుంది. "నేను పెట్టిన మంట అయితే నేనెందుకు..."

"అర్థమైంది లేమ్మా."

వంటగదిలో నూనె మంటల కోసం పెట్టే వెండిరంగు సిలిండర్ అది. పొడి కాదు, జారుడు నీళ్ళలాంటి మందు చిమ్ముతుంది. ఫైరింజన్ ఐదూ పదహారుకి వచ్చేసరికి మంట ఆరిపోయి ఉంది. వాళ్ళు నీళ్ళు కొట్టాల్సిన పని పడలేదు. గదికి టేపు కట్టి, సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి విప్పారు. అంటే ఈ గదిలో ఆరోజు తడి ఏదైనా ఉందంటే అది ఆ సిలిండర్‌లోదే.

ఆ తడి ఇప్పుడు ఎండిపోయి, తెల్లటి చుక్కలై, కుర్చీల మీద, ప్రింటర్ మీద, కార్యదర్శి దివాకర్ బల్ల మీద అట్టకట్టుకుని ఉంది. రాగిణి బల్ల దగ్గర ఆగిపోయింది.

బల్లంతా తెల్లచుక్కలు. మధ్యలో మాత్రం ఒక దీర్ఘచతురస్రం, కాగితమంత, శుభ్రంగా ఉంది. దాని కుడి పైమూల మీద ఇత్తడి తాబేలు కూర్చుని ఉంది.

సంచీలోంచి ఒక తెల్లకాగితం తీసి ఆ ఖాళీలో పరిచింది. అంచుకి అంచు సరిపోయింది. తాబేలుని ఎత్తి చూసింది. కింద చుక్కలు లేవు.

"ఈ బల్లమీదనుంచి ఎవరైనా ఏమైనా తీశారా?"

"నిన్న పొద్దున గది తెరిచినంక కృష్ణమోహన్ సార్, దివాకర్ వచ్చి చూసి పోయిన్రు," అన్నాడు రఘువీర్ గుమ్మంలోంచి. "ఏం తీసిన్రో నేను చూడలే."

రాగిణి ఫొటో తీసుకుంది. తెల్లకాగితం సంచీలో పెట్టేసింది. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. నవమి పూట పానకంలో మిరియాలు ఎక్కువైనప్పుడు కూడా ఆవిడ మొహం అలాగే ఉంటుంది.

హాల్లోకి వచ్చేసరికి కృష్ణమోహన్ ఫ్లాస్కుతో టీ పోస్తున్నాడు. ముందు శేషమ్మగారికి, తర్వాత అనుష్కకి. కేసు పెడుతున్న మనిషే ఆ పిల్లకి టీ ఇస్తూ, "చెయ్యి మంట తగ్గిందామ్మా?" అని అడిగాడు. ఆ అడగడంలో నటనేం లేదు. అదే ఆయనతో వచ్చిన చిక్కు.

ఈ హాలు ఆయన చేతులమీదుగా లేచింది. కరోనా రోజుల్లో ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా గుమ్మంలో పప్పూ అన్నం పెట్టి వెళ్ళింది ఆయనే. రాగిణి భర్త చక్రపాణికి లేఆఫ్ అయి ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చుంటే, తన కంపెనీలో ఉద్యోగం ఇచ్చిందీ ఆయనే. ఈ కేసు ఒప్పుకునేముందు రాగిణి ఆ సంగతి ఆలోచించి, మరో కప్పు కాఫీ తాగి, ఒప్పుకుంది.

పద్నాలుగేళ్ళుగా మండలికి ఆయనే అధ్యక్షుడు. ఈసారి మొదటిసారి పోటీ వచ్చింది. ఎన్నికలు రెండు వారాల్లో. ఆదివారం ఐదూ యాభై అయిదుకి అందరి ఫోన్లలోనూ మండలి తీర్మానం వాట్సాప్‌లో పడింది.

రాగిణి చదివి వినిపించింది. "ఆదివారం సాయంత్రం మన హాలులో జరిగిన అగ్నిప్రమాదమును దృష్టిలో పెట్టుకొని, మరొక కబురు వచ్చుదాక ఎన్నికలు, సమావేశములు, బయటివారి ప్రదర్శనలు నిలిపివేయడమైనది. సర్వాధికారములు అధ్యక్షులవారివి." తలెత్తింది. "ఇది ఎప్పుడు రాశారు కృష్ణమోహన్ గారూ?"

"అదే రోజమ్మా. ఫైర్ వాళ్ళు వెళ్ళాక. ఐదూ నలభైకి పార్కింగ్ లాట్‌లో నిలబడి అనుకున్నాం. దివాకర్ ఇల్లు నాలుగు నిమిషాలే కదా, వెళ్ళి ప్రింట్ తీసుకొచ్చాడు. నా కారు బానెట్ మీద పెట్టి ఐదుగురం సంతకాలు చేశాం."

"ఐదుగురూ అక్కడే ఉన్నారా?"

"అక్కడే. కమిటీలో తొమ్మిది మందిమి, ఐదు సంతకాలుంటే తీర్మానం చెల్లుతుంది."

"ఆ కాగితం తర్వాత ఎక్కడుంది?"

"మా ఇంట్లో, పూజగదిలో. సోమవారం పది గంటలకి తెచ్చి కమిటీకి చూపించాను. రఘువీర్ గారికి ఇచ్చాను."

"మధ్యలో ఈ ఆఫీసు గదిలోకి రాలేదు?"

"టేపు కట్టేశారుగా, ఎలా వస్తుంది?" కృష్ణమోహన్ నవ్వాడు. "అమ్మా రాగిణీ, నాకు పదవి మీద వ్యామోహం లేదు. హాలు కాలితే ఎవరో ఒకరు నిలబడాలి కదా. అందరూ తలో మాట మాట్లాడితే మళ్ళీ మేకు కూడా కొట్టలేం."

"మా నాన్న రాసింది కూడా అదేనయ్యా," అంది శేషమ్మగారు, టీ ఊదుకుంటూ.

"ఏది పిన్నిగారూ?"

"'మరొక కబురు వచ్చుదాక' అని. అది మా నాన్న మాట."

అనుష్క చటుక్కున నిటారుగా కూర్చుంది. "అవును ఆంటీ! ఐదో ప్యానెల్! బెర్లిన్‌ల పార్లమెంట్ కాలినంక తెల్లారి ఆర్డర్ వస్తది. మీటింగ్‌లు బంద్, పేపర్లు బంద్, ఉత్తరాలు విప్పి చదవొచ్చు. దాంట్ల ఉన్న మాటని 'తదుపరి ఉత్తర్వుల వరకు' అని నేను రాయబోయిన. లెటర్‌ల తాతగారు 'కబురు' అని రాసిన్రు, అదే బాగుందని అట్లనే పెట్టిన. అట్ల ఇంకెవ్వరు రాయరు."

కృష్ణమోహన్ చేతిలో ఫ్లాస్కు కొంచెం వంగింది. టీ బల్లమీద పడింది. "దివాకర్ రాశాడమ్మా ఆ వాక్యాలు. ప్యానెళ్ళకి ప్రూఫులు చూసింది కూడా అతనే. ఎక్కడో మనసులో ఉండిపోయి ఉంటుంది."

"ఉండిపోతుంది లెండి," అంది రాగిణి. ప్రదర్శనని మొదటినుంచీ చివరిదాకా చదివిన ఏకైక మనిషి దివాకరన్నమాట. చదివి, నేర్చుకున్నాడు కూడా. "ఆ కాగితం ఒకసారి చూడొచ్చా?"

రఘువీర్ ఫైల్లోంచి ప్లాస్టిక్ కవర్ తీసి ఇచ్చాడు. కృష్ణమోహన్‌కి అప్పుడే ఫోన్ గుర్తొచ్చింది. "ఒక్క నిమిషం," అని చెవికి పెట్టుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. అద్దాల తలుపు అవతల ఆయన పెదవులు గబగబా కదులుతున్నాయి.

కవర్లో ఒకే కాగితం. ఇంక్‌జెట్ ప్రింటు. నాలుగు మూలలకీ బొట్టంత పసుపు. కృష్ణమోహన్ దేనికైనా పసుపు రాస్తాడు. పార్కింగ్ పర్మిట్ దరఖాస్తుకి కూడా రాసి పంపితే, టౌన్‌షిప్‌వాళ్ళు ఇదేం పౌడరో అని బెంబేలెత్తి వెనక్కి పంపారని చెప్పుకుంటారు. ఎన్నికల్ని రద్దుచేసే కాగితానికి కూడా పెళ్ళి శుభలేఖకి రాసినట్టు రాశాడు. అక్కడక్కడా చుక్కలు పడి అక్షరాలు అలుక్కుపోయాయి.

రాగిణి చూసింది అక్షరాల్ని కాదు. మూలల్ని.

మూడు మూలలు ఎర్రగా ఉన్నాయి. కుడి పైమూల ఒక్కటే పసుప్పచ్చగా ఉంది.

"రఘువీర్ గారూ, ఈ కాగితం తడిసింది."

"వాన పడ్డది మేడమ్ ఆనాడు. పార్కింగ్ లాట్‌ల సంతకం పెట్టిన్రు కదా. చుక్కలు పడుంటయ్."

"వానకి పసుపు ఎర్రబడుతుందా?"

"కుంకుమ కూడా పెట్టుంటరు."

"పెట్టలేదు. రండి వంటింట్లోకి."

"మేడమ్, మూడు దాటింది. నాలుగింటికి నేను..."

"నాకు మీ నాలుగు నిమిషాలు చాలు. దివాకర్ ప్రింటుకి పట్టినంతే."

వంటింట్లో పసుపు డబ్బా పొయ్యి పక్కనే ఉంది. రాగిణి ఒక తెల్లకాగితం రెండు మూలలకి పసుపు రాసింది. ఒకదానిమీద కొళాయి నీళ్ళు చిలకరించింది. పసుపు చెదిరింది, పసుపుగానే ఉంది. కౌంటర్ మీద ఖాళీ వెండి సిలిండర్ ఉంది. దాన్ని వంచి గొట్టం నొక్కితే అడుగున మిగిలిన మందు రెండు చుక్కలు రాలింది. రెండో మూలమీద.

పసుపు వాళ్ళ కళ్ళముందే ఎర్రబడింది.

రఘువీర్ వంగి చూశాడు. "పారాణి," అన్నాడు. "మా అమ్మ సున్నం కలిపేది పసుపుల."

"ఆ సున్నం చేసే పనే ఈ మందూ చేస్తుంది. పదిహేడేళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్నది కాదండీ ఇది. పొయ్యి తుడిచే స్ప్రే పడి నా తెల్లచీర పసుపు మరక ఎర్రబడినప్పుడు నేర్చుకున్నాను." రాగిణి ఫోన్లో ఫొటో చూపించింది. "దివాకర్ బల్లమీద ఈ ఖాళీ చూడండి. కాగితమంత ఉంది. కుడి పైమూల మీద తాబేలు. ఈ తీర్మానంలో ఎర్రబడని మూల ఏది?"

రఘువీర్ కవర్‌ని బల్లమీద పెట్టి, వేలు ఆ మూలమీద ఉంచాడు.

"అనుష్క కళ్ళు మూసుకుని గదంతా మందు కొట్టినప్పుడు ఈ కాగితం ఆ బల్లమీదే ఉంది. చుక్కలు పడి అక్షరాలు అలుక్కుపోయాయంటే, అప్పటికే అచ్చయి ఉంది. ఇందులో మొదటి మాట ఏమిటి? 'అగ్నిప్రమాదమును దృష్టిలో పెట్టుకొని'."

"మంట ఆరకముందే..." అన్నాడు రఘువీర్.

"మంట పుట్టకముందే. మంటల్లో కూర్చుని ప్రింటు తీసుకోరు కదా ఎవరూ."

రఘువీర్ గోడకి ఆనుకున్నాడు. ఓడిపోయిన పోలీసు మొహం కాదది, పాత ఉద్యోగం గుర్తొచ్చిన పోలీసు మొహం. "ఆ పార్లమెంట్ కాలబెట్టిండని పట్టుకున్న డచ్చి పోరని కథ కూడా రాసినవు కదమ్మా ప్యానెల్ మీద," అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ అనుష్కతో. "నేను సగమే చదివిన. ఏమైండు వాడు?"

"పార్లమెంట్‌ల దొరికిండు సర్. తాపీ పని చేసేటోడు. ఒక్కడే పెట్టిండా, వెనక ఎవరన్నా ఉన్నరా అని ఇప్పటికీ హిస్టారియన్స్ వాదించుకుంటరు. లైప్‌జిగ్‌ల విచారణ చేసిన్రు. తర్వాతి జనవరిల తల తీసేసిన్రు. ఇరవై నాలుగేళ్ళు." ఆగింది. "ఆ ఆర్డర్ మాత్రం 'మరో కబురు వచ్చేదాక' అని పన్నెండేళ్ళు నడిచింది."

"మా నాన్న ఆ కోర్టు బయట నిలబడ్డాడు," అంది శేషమ్మగారు. వాకర్ మీద ఆనుకుంటూ ఆవిడ కూడా వచ్చేసింది. రేకు పెట్టె తెరిచి ఒక ఉత్తరం తీసింది. మడతల దగ్గర చిరిగిపోయి, టేపు వేసి ఉంది. "ఇది మటుకు నేను ఈ పిల్లకి ఇవ్వలేదు, గోడమీద పెట్టొద్దన్నాను. నువ్వు చదువు రాగిణీ. నాకు ఆనదు."

రాగిణి చదివింది.

"ఆ ఉత్తరువు గోడలకంటించుటకై మా అచ్చుకూటమునకు వచ్చినది. నేనే కూర్చితిని. సీసపు అక్షరములు తలక్రిందుగా నుండును గదా, కూర్చువానికి అర్థముతో పనిలేదు. ఒక్క తప్పయినను లేదని మేస్త్రీ నా వీపు తట్టినాఁడు. నాకు మిక్కిలి సంతోషమైనది. మఱునాఁడు ఆ కాగితము చూపించియే మా ప్రక్క గదిలోని ముసలి ప్రూఫురీడరును తీసికొనిపోయిరి. అప్పుడు చదివితిని."

శేషమ్మగారు ఉత్తరం అందుకుని మడతపెట్టింది.

"బతికినన్నాళ్ళూ మా నాన్న ఏ కాగితమైనా రెండుసార్లు చదివేవాడమ్మాయ్. పచారీ చీటీ కూడా. మేం నవ్వేవాళ్ళం."

రఘువీర్ వాచీ చూసుకున్నాడు. మూడూ ఇరవై. "మేడమ్, పసుపు మీకు నాకు అర్థమైతది. మార్షల్‌కి లాబ్ రిపోర్ట్ కావాలె, దానికి వారం పడ్తది. ఈ నలభై నిమిషాలల్ల ఒక మనిషి నోటితో చెప్పాలె, నేను ముందే సంతకం పెట్టిన అని. ఐదుగురిల ఎవడో ఒకడు."

"సంతకాలు ఎక్కడ?"

"వెనక."

రాగిణి కవర్ తిప్పింది. కృష్ణమోహన్. దివాకర్. జితేందర్. రాజీవ్.

ఐదోది చూసి ఆవిడ కవర్‌ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

తెలుగులో పెట్టిన సంతకం. 'చ' కి తోక పొడుగ్గా లాగి, చివర రెండు చుక్కలు. పాతికేళ్ళుగా స్కూలు ఫారాల మీద, పుట్టినరోజు కార్డుల మీద చూస్తున్న తోక అది. చక్రపాణి మండలిలో మైకులూ స్పీకర్లూ చూసుకుంటాడు, ఆ వంకతో కమిటీలో ఉన్నాడు. ఆదివారం ఐదూ నలభైకి ఆయన పార్కింగ్ లాట్‌లో లేడు. ఇంట్లో సోఫాలో కూర్చుని, ఆవిడ వేసిన మిరపకాయ బజ్జీల్లో గింజలు ఏరుకుంటున్నాడు. వాట్సాప్ వచ్చినప్పుడు, "నన్నెవరూ అడగలేదే" అన్నాడు కూడా.

అబద్ధం ఆడే మనిషి కాదు. అంటే, అడిగారని కూడా తెలియని మనిషి.

ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

"ఏమండీ, మండలి కాగితం ఒకదానిమీద సంతకం పెట్టారు. ఎప్పుడు?"

"ఏ కాగితం? ఓ, అదా. గురువారం. మైక్ స్టాండ్లు దింపడానికి వెళ్ళినప్పుడు దివాకర్ తెచ్చాడు. ఏం?"

రఘువీర్ పుస్తకంలో 'గురువారం' అని రాసి, కింద గీత గీశాడు.

"చదివారా?"

"కళ్ళజోడు కార్లో ఉండిపోయింది రాగిణీ. అప్పటికే నలుగురు పెట్టేశారు, వెనక్కి తిప్పి వేలు పెట్టి చూపించాడు, ఇక్కడ అని. ఏం, ఏముంది అందులో?"

"'ఆదివారం సాయంత్రం మన హాలులో జరిగిన అగ్నిప్రమాదమును దృష్టిలో పెట్టుకొని'," అంది రాగిణి.

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది.

"గురువారం పెట్టానే నేను," అన్నాడు చక్రపాణి, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "ఆ పిల్ల మీద కంప్లైంట్ ఇస్తున్నది ఈ కాగితం ఇచ్చిన అధికారంతోనేనా?"

"ఈ కాగితంతోనే."

"మూలలకి పసుపు ఉంది రాగిణీ. ఏదో శుభకార్యమే అనుకున్నాను."

రాగిణికి కోపం వచ్చింది. కృష్ణమోహన్ ఇచ్చిన ఉద్యోగం ఆయనది. ఈ మాట మార్షల్ ముందు చెబితే అది పోతుంది. మంట పెట్టడంలో నీకూ వాటా ఉందా అని కూడా అడుగుతారు. చెప్పకపోతే ఈ పిల్ల పోతుంది. "నాలుగింటికి ఇక్కడికి రావాలి. ఈ మాట మళ్ళీ చెప్పాలి. కృష్ణమోహన్ గారి ముందు."

"వస్తాను," అన్నాడు. ఆలోచించలేదు. ఆలోచించకుండా చెయ్యడం ఒక్కోసారి మంచికే వస్తుందేమో. "చొక్కా మార్చుకుని... ఉండు, ఎవరో బెల్ కొడుతున్నారు."

అనుష్క అద్దాల తలుపు వైపు చూసింది. పార్కింగ్ లాట్‌లో కృష్ణమోహన్ కారు లేదు.

"దివాకర్," అన్నాడు చక్రపాణి గొంతు తగ్గించి. "డోర్ కెమెరాలో కనపడుతున్నాడు. పక్కన ఎవరో ఇద్దరున్నారు, నేనెరగను. చేతిలో కాగితం ఉంది. మూలలకి..." ఆగిపోయాడు. "దీనికీ రాశారు."

"తలుపు తీయకండి! మేం వస్తున్నాం!"

రఘువీర్ అప్పటికే కారు తాళాలు తీసి పరిగెడుతున్నాడు. ఫోన్‌ని ఎక్కడో పెట్టిన చప్పుడు వినపడింది, కానీ కట్ చేసిన చప్పుడు వినపడలేదు. తర్వాత గడియ తీసిన చప్పుడు.

"రండి దివాకర్ గారూ, రండి, కూర్చోండి," అంటున్నాడు చక్రపాణి. మామూలుకన్నా పెద్దగా మాట్లాడుతున్నాడు, ఫోన్లోకి వినపడాలన్నట్టు. "పెడతాను, దానికేం. ఒక్క నిమిషం ఉండండి, కళ్ళజోడు తెచ్చుకుంటాను."